అమ్మ చేతికందే ఎత్తులో పూలదొడ్డి

డిసెంబరు, మొదటి వారం

ముందు పనేమిటో రాసి పెట్టుకుంటాను. కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో ఓ పల్లెటూళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది, డెబ్బై నాలుగేళ్ళు. ఇంటి వెనక దొడ్డి అయిదు సెంట్లు ఉంటుంది, అందులో నాలుగు కొబ్బరిచెట్లు, ఒక మామిడి, మిగతాదంతా పూలే. మల్లెపొదలు, కనకాంబరాలు, ముద్దమందారం, నందివర్ధనం, గోడవారన సన్నజాజి, సంక్రాంతి రోజుల్లో బంతీ చామంతీ. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. ఇబ్బందంతా మోకాళ్ళతోనే. కింద కూర్చుంటే లేవలేదు, ఎలాగో లేచినా కాసేపు దేన్నో ఒకదాన్ని పట్టుకుని నిలబడాలి. మొన్న కార్తీకంలో ఒక పొద్దున్న మల్లెపాదులో కలుపు తీస్తూ కూర్చుని, లేవడానికి చేతకాక, పక్కింటి పిన్ని కేక విని వచ్చేదాకా అక్కడే ఉండిపోయిందట. పడలేదు, దెబ్బ తగల్లేదు, అయినా ఆ సంగతి విన్న దగ్గర్నుంచి నాకూ అన్నయ్యకీ ఒకటే టెన్షన్.

అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "దొడ్డంతా గచ్చు చేయించేద్దాం, నాలుగు కుండీలు పెట్టుకుంటుంది, ఖర్చు నాది" అన్నాడు. భయంతో అన్న మాట అది, వాడి భయం నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు. పూలే కావాలంటే అమలాపురంలో మూర లెక్కన కొనుక్కోవచ్చు, అమ్మకి పొద్దున్న కాఫీ తాగగానే వెళ్ళడానికి ఒక చోటుండాలి, అక్కడ తను చూసుకోకపోతే పాడైపోయే పనులు నాలుగుండాలి. ఇటుకలతో ఎత్తు మడులు కట్టించి దొడ్డినే అమ్మ చేతికందేలా మారుస్తాను, ఉగాది దాకా టైమివ్వమన్నాను. సరే అన్నాడు, ఇటుకల డబ్బు సగం తనే పంపిస్తానన్నాడు.

నేను కాకినాడ నుంచి శనివారాల్లో వస్తాను. ఈసారి ఏ పనీ మొదలుపెట్టకుండా పొద్దుటి నుంచి అమ్మ వెనకాలే తిరిగాను. ఎక్కడ ఆగుతోంది, ఏది పట్టుకుంటోంది, ఏ బరువు ఎత్తుతోంది, ఇవే చూశాను. పెరటి గుమ్మం దిగేటప్పుడు తలుపు రెక్క పట్టుకుంటుంది, అది ఊగుతుంది. బోరు దగ్గర నేలంతా పాకుడు. నీళ్ళ పైపు దారికి అడ్డంగా పడి ఉంటుంది, దాన్ని కర్రతో పక్కకి నెట్టుకుంటూ నడుస్తుంది. కుళాయి గట్టిగా ఉంది, తిప్పడానికి రెండు చేతులూ కావాలి.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది కలుపు. వంటింటి వైపు పాదుల్లో గరిక పరక కూడా లేదు, సన్నజాజి మూలకి వెళ్ళేసరికి వయ్యారిభామ నడుం దాకా ఉంది. అమ్మని అడిగితే "అటు వెళ్ళబుద్ధి కావట్లేదే" అంటుంది తప్ప కాళ్ళు రావట్లేదని చచ్చినా చెప్పదు. కలుపు ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడికి అమ్మ వెళ్ళి చాలా నెలలైందన్నమాట. ముసలివాళ్ళ దొడ్డి బాగుచేయాలనుకున్నవాళ్ళు ముందు కలుపు పీకించేయకండి, దాన్నొకసారి చూడండి, ఏ చోటు చేతికి దూరమైందో అదే చూపిస్తుంది. ఓ కాగితం మీద దొడ్డి గీసి కలుపున్న చోట్లకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. ఆ కాగితమే ఈ ప్రాజెక్టుకి ప్లాను.

ఇవాళ మల్లెలకి నీళ్ళు ఆపేశాం.

డిసెంబరు, మూడో వారం ఆఖరు

మల్లె కత్తిరింపు. మల్లెకి చలికాలంలో నీళ్ళు మానేసి ఆకు రాల్చాలి, తర్వాత కొమ్మలు మోకాలెత్తుకి కోసేసి, పాదు తవ్వి, నాలుగు రోజులు ఎండనిచ్చి, అప్పుడు ఎరువేసి నీళ్ళు పెట్టాలి. కొత్త చిగురు మీదే మొగ్గ వస్తుంది కాబట్టి పాత కొమ్మ మీద జాలి చూపిస్తే వేసవికి ఆకులే మిగులుతాయి. ఇది పుస్తకాల్లోనూ ఉంది, అమ్మకీ తెలుసు. "మాడాలే దానికి. మాడితేనే పూస్తుంది" అంటుంది.

నేను కత్తెర పట్టుకున్నాను, అమ్మ కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపించింది. నేను పొదంతా ఒకే ఎత్తుకి కోసుకుపోదామనుకుంటే అమ్మ ఒక్కో కొమ్మా చూపించి ఆపింది. బూడిదరంగు వచ్చి బెరడు పగిలిన కొమ్మని మొదటికంటా తీసేయమంది. పచ్చగా పెన్సిలంత లావున్నవాటిని కణుపుకి కాస్త పైన, కన్ను బయటివైపు తిరిగి ఉన్న చోట కోయమంది. కన్ను లోపలివైపుంటే చిగురు పొద మధ్యలోకి వెళ్ళి గాలాడదు, అక్కడే పురుగు చేరుతుంది. ఒక కొమ్మ దగ్గర నాకు కన్ను కనపడలేదు. అమ్మ వంగలేదు కాబట్టి ఆ కొమ్మని నేను వంచి అమ్మ చేతికి అందించాను. బొటనవేలితో కింది నుంచి పైకి తడిమి, ఒక చోట ఆగి, గోరుతో చిన్న గీత పెట్టింది. "ఇక్కడ." ఆ గీతకి పైన కోశాను. అక్కణ్ణుంచి ప్రతి కొమ్మా వంచి అమ్మ చేతికే ఇచ్చాను, పని నెమ్మదించింది కానీ ఇలాగే చెయ్యాలనిపించింది. కొయ్యడానికి నా చేతులు చాలు. ఎక్కడ కొయ్యాలో తెలిసిన వేలు అమ్మది.

కోసిన కొమ్మల్లో మంచివి జానెడు ముక్కలు చేసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చిపెట్టాం, పిన్ని వాళ్ళింటికి.

మల్లెల్ని ఎత్తు మడుల్లోకి మార్చాలనే ఆలోచన ఇక్కడే వదిలేశాను. అవి ఆ నేలలో పాతికేళ్ళ నుంచి ఉన్నాయి, 1996 నవంబరు 6 తుపానుకి దొడ్లో చెట్లన్నీ కూలితే మళ్ళీ ఒక్కొక్కటే నాటుకొచ్చిందట అమ్మ. అలాంటివాటిని వేళ్ళు కదపడం నాకిష్టం లేదు, అవసరమూ లేదు. మోకాలెత్తుకి కోస్తే వేసవికి నడుమెత్తు పెరుగుతాయి, నిలబడే కోసుకోవచ్చు. వంగాల్సిందల్లా కలుపు కోసం. దానికి కొబ్బరి డొక్కలు ఉన్నాయి. పాదు చుట్టూ డొక్కలు బోర్లించి వరసగా పరిచేశాం, వీపు పైకి ఉండేలా. వెల్లకిలా పెడితే వాన పడినప్పుడు ఒక్కో డొక్కలో నీళ్ళు నిలిచి దోమలు చేరతాయి. బోర్లిస్తే ఆ బాధ లేదు, కింద తేమ ఆరదు, కలుపు లేవదు. కోనసీమలో డొక్కలకి కరువేముంది, చెట్ల నుంచి కాయలు దింపిన మర్నాడు అడిగితే ట్రాక్టరు కిరాయికే వస్తాయి.

జనవరి, సంక్రాంతికి ముందు

మేస్త్రి వచ్చాడు. మొదట దారి. పెరటి గుమ్మం నుంచి బోరు, అక్కణ్ణుంచి మడులు, అక్కణ్ణుంచి సన్నజాజి మూల. మూడడుగుల వెడల్పు, ఇద్దరు చెయ్యి పట్టుకుని పక్కపక్కన నడవడానికి సరిపోయేలా. టైల్సు వద్దన్నాను, మా వైపు ఏడాదిలో సగం రోజులు నేల తడిగానే ఉంటుంది, నున్నటిదేదీ పనికిరాదు. సిమెంటు పోసి అది ఆరకముందే ఈనెల చీపురు అడ్డంగా లాగించాం. గీతలు పడి గరుకుగా తేలింది, చెప్పు జారదు. గుమ్మం మెట్టు పక్కన గోడలోకి జీఐ పైపు కమ్మీ దిగ్గొట్టించి దారి వెంట బోరు దాకా తీసుకెళ్ళాం. కమ్మీ ఎత్తు కోసం టేపు తియ్యలేదు, అమ్మని నిలబెట్టి చెయ్యి వదులుగా వేలాడదియ్యమని, మణికట్టు దగ్గర సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెట్టాం.

దారికి ఇంకో సమస్య పైనుంచి. కొబ్బరిచెట్టు కింద రోజూ నడిచే మనిషి మీద కాయో ఎండుమట్టో పడితే ఏం కాను? దారి వీలైనంత పక్కకి తిప్పాం, అయినా ఒక చెట్టు మట్టలు దారి మీదికే ఉన్నాయి. కాయలు దింపే అతనితో మాట్లాడి ఆ చెట్టుకి మాత్రం ప్రతి దింపులోనూ ఎండుమట్టలు, ముదురుకాయలు మిగల్చకుండా తీసేసేలా ఒప్పందం. "ఆయ్, మామ్మగారు తిరిగే దారండి, నేనే చూసుకుంటానండి" అన్నాడు.

తర్వాత మడి. ఇక్కడ అమ్మ చెప్పిందే మొత్తం కొలత మార్చేసింది. అమ్మ వంటింట్లో గ్యాస్ గట్టు దగ్గర గంటలకి గంటలు నడుం నొప్పి లేకుండా పనిచేస్తుంది, అది 32 అంగుళాలు. మడి కూడా అదే ఎత్తు కట్టిద్దామని నా ప్లాను, మేస్త్రీ బాగుందన్నాడు. అమ్మ కాగితం చూసి, "మట్టి అందితే నాకేం లాభమే? పువ్వు అందాలి. కనకాంబరం రెండడుగులు పెరుగుతుంది, దాని తల నా మెడ దాకా వస్తుంది, చేతులెత్తి ఎంతసేపు కోస్తాను?" అంది. నిజమే కదా. మడి ఎత్తుకి మొక్క ఎత్తు కలిపి లెక్క వెయ్యాలి. అందుకని రెండు రకాలు కట్టాం. కనకాంబరాలకి 18 అంగుళాల మడి, పన్నెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. నిలబడితే పువ్వు మోచేతి దగ్గరికి వస్తుంది, కుర్చీ వేసుకుంటే మట్టి చేతికి అందుతుంది. మరువం, దవనం, నారు కుండీలు లాంటి పొట్టివాటికి మాత్రం గ్యాస్ గట్టు ఎత్తులో ఒక అరుగు. వెడల్పు రెండడుగులు దాటనివ్వలేదు, ఒకవైపు గోడ ఉంది కాబట్టి అవతలి అంచు అందకపోతే మళ్ళీ అక్కడ కలుపే.

మడి అడుగున అడుగున్నరకొకటి చొప్పున నీళ్ళు పోయే కంతలు పెట్టించాం. మా నేల ఒండ్రు మట్టి, బంక పాలెక్కువ, వానాకాలం నీళ్ళు నిలిస్తే కనకాంబరం వేరు కుళ్ళిపోతుంది, ఏటా ఓ నాలుగు మొక్కలు అలా పోతూనే ఉండేవి. ఎత్తు మడి వల్ల ఆ బాధ కూడా తీరుతుంది.

సంక్రాంతి

పండగ పనులే. బంతిపూలన్నీ గుమ్మాలకీ గొబ్బెమ్మలకీ అయిపోయాయి. విత్తనానికి పెద్ద పువ్వులు కొన్ని చెట్టునే ఎండనిచ్చాం.

జనవరి, ఆఖరు వారం

మడి నింపడం. అడుగున డొక్కలు, ఈసారి వెల్లకిలా, నీళ్ళు పట్టి ఉంచాలి కాబట్టి. పైన రెండు పాళ్ళు లంక మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు పీచు మిల్లు నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు. పొట్టు తెచ్చినది తెచ్చినట్టు వాడకూడదు, అందులో ఉప్పూ, వగరూ ఉంటాయి, మొక్క మాడుతుంది. గోనెసంచుల్లో పోసి తొట్టెలో నానేసి, ఎర్రటి నీళ్ళు పోయేదాకా మార్చి మార్చి కడిగాం. గుప్పెడు వేపపిండి చల్లాం, కనకాంబరానికి నులిపురుగు బెడద ఎక్కువ, వేరు మీద బుడిపెలు కట్టి మొక్క ఎదగదు. మడి అంచున బంతి నారు ఒక వరస వెయ్యమంది అమ్మ, బంతి వేరుంటే నులిపురుగు తగ్గుతుంది. చెట్టున ఎండనిచ్చిన పువ్వులు దానికే.

కడియం వెళ్ళొచ్చాం. అమ్మని కారులో కూర్చోబెట్టి కొత్తపేట మీదుగా రావులపాలెం, గౌతమి వంతెన దాటి జొన్నాడ, అక్కణ్ణుంచి హైవే మీద కడియపులంక. దారి పొడుగునా రెండు పక్కలా నర్సరీలే, అమ్మ కిటికీ అద్దం దించేసింది. తనకి కావలసింది ఒకటే, సంపెంగ. చిన్నప్పుడు వాళ్ళ పుట్టింట్లో పెద్ద సంపెంగ చెట్టుండేది, పువ్వు కొయ్యాలంటే మనిషి ఎక్కాలి. అంటు కట్టినదైతే పొట్టిగా ఉండగానే పూస్తుంది, పెద్ద కుండీలో పెట్టుకోవచ్చు. నర్సరీ కుర్రాడు పూలతో ఉన్న మొక్క తీసుకొచ్చి ముందు పెట్టాడు. అమ్మ దాన్ని చూడనుకూడా లేదు. "పువ్వు మీదున్నది వద్దు బాబూ, వేరు చూపించు" అంది. అతను సంచి పైకెత్తి పట్టుకుంటే అడుగున కంతల్లోంచి వేళ్ళు బయటికొచ్చి సుడి తిరిగాయేమో చూసింది, అంటు కట్టు దగ్గర వేలు పెట్టి రెండు కాండాలూ ఒకటే లావులో కలిశాయో లేదో చూసింది, కట్టు కింద నుంచి వేరే చిగురు వస్తోందేమో చూసింది. నాలుగు మొక్కలు తిప్పి పంపించి ఐదోది తీసుకుంది. పువ్వు లేదు, మొగ్గ లేదు, ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. కుర్రాడు "ఆయ్, మామ్మగారికి బాగా తెలుసండి" అంటే అమ్మ మొహం చూడాలి.

ఫిబ్రవరి

నీళ్ళ ఏర్పాటు. పది లీటర్ల బకెట్టంటే పది కిలోలు, అమ్మ ఇంక బకెట్టు ముట్టుకోకూడదని నా పంతం. నాలుగడుగుల దిమ్మ మీద 500 లీటర్ల డ్రమ్ము, దానికి డ్రిప్పు పైపులు, పాదుకి రెండు చొప్పున డ్రిప్పర్లు. పైపులన్నీ దారికి అడ్డం రాకుండా గచ్చు కింద నుంచి ముందే గొట్టం వేసి ఉంచాం. తిప్పే కుళాయి తీసేసి లివరు కుళాయి పెట్టించాను, పావు తిప్పు తిప్పితే చాలు, చేతి పక్కతో నెట్టినా తెరుచుకుంటుంది. చిన్న వస్తువే, కానీ ఈ మొత్తం పనిలో అమ్మకి ఎక్కువ ఉపయోగపడేది అదేనని నాకనిపిస్తోంది, వేళ్ళ కీళ్ళు వాచిన రోజు కూడా నీళ్ళు ఆగవు.

అయినా అమ్మ చెంబు వదల్లేదు. మరువం కుండీలకి మాత్రం ఇత్తడి చెంబుతోనే పోస్తానంది. పొయ్యనీ. అది రెండు లీటర్లే.

కనకాంబరాలు. పాత మొక్కల కింద రాలిన గింజల నుంచి బోలెడు మొలకలున్నాయి, వాటిని మట్టిగడ్డతో సహా తీసి మడిలోకి మార్చాం. ఇంకా కావాలంటే ఎండిన వెన్నుల్లోంచి గింజ తియ్యాలి. ఆ గింజ తియ్యడం ఎవరైనా ఒకసారి చూడాలి. అమ్మ అరుగు దగ్గర నిలబడి ఎడం అరచెయ్యి తడి చేసుకుంది, ఎండు వెన్ను అందులో పెట్టింది, వెంటనే కుడి అరచెయ్యి పైన మూసేసింది. ఓ క్షణం ఏమీ లేదు. తర్వాత గుప్పిట్లోంచి టప్, టప్ టప్ అని చప్పుడు. తడి తగిలితే ఆ కాయలు పగిలి గింజని దూరంగా విసిరేస్తాయి, వానకి నేల తడిశాకే గింజ పడాలని మొక్క చేసుకున్న ఏర్పాటు. నా చేతిలో పెట్టి మూయించింది, చర్మానికి చిన్న చిన్న దెబ్బలు తగులుతుంటే భలే ఉంది. చేతులు తెరిస్తే గింజలు, పలచగా, గోధుమ రంగులో. ఢిల్లీ కనకాంబరానికి ఇలా గింజ కట్టదు, దాన్ని కొమ్మలతోనే పెంచాలి. మాది నాటు రకం.

చామంతి అయిపోయింది, కాడలు నేలకి కోసేసి, మొదట్లో వచ్చిన పిలకలున్న కుండీలు మామిడిచెట్టు నీడకి జరిపాం. ఎండాకాలం వాటిని బతికిస్తే చాలు, జూన్, జూలైల్లో విడదీసి నాటుకోవచ్చు.

ఈ నెలలో బాధపెట్టింది నల్ల మసి. కొత్త మడిలో ఆకుల మీద ముందు జిగురు, తర్వాత పొయ్యి మీద మసి పట్టినట్టు నల్లటి పొర. మొక్కకి జబ్బేమీ లేదు, పైకి చూడాలి. కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి సుడుల్లా పెట్టిన గుడ్లు, సర్పిలాకార తెల్లదోమ. దాన్నుంచి కారే తేనెలాంటి జిగురు కింద ఏదుంటే దాని మీద పడుతుంది, దాని మీద బూజు పెరిగి నల్లగా అవుతుంది. ఆకు ఎండ తీసుకోలేదు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి ఉన్న ప్రతివాళ్ళకీ తెలిసిన గొడవే ఇది. పక్కవాళ్ళు ఏదో ఘాటు మందు కొట్టించమన్నారు, నేను గట్టిగా వద్దన్నాను. ఆ తెల్లదోమ పిల్లల్ని లోపల్నుంచి తినే ఎన్‌కార్సియా అనే బుల్లి పరాన్నజీవి తోటల్లో దానంతటదే పెరుగుతుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో మిత్రపురుగుల మీద ఇంత పని జరుగుతుంటే వాటిని మనమే చంపుకోవడమేమిటి?

మసికి మందు గంజి. లీటరు నీళ్ళకి పది గ్రాముల గంజిపొడి కాచి చల్లార్చి ఆకు తడిసేలా కొట్టాలి, ఎండకి ఆరి పొరలా ఊడిపోతూ మసిని కూడా తీసుకుపోతుంది. అమ్మ నమ్మలేదు, ఒక్క మొక్కకే కొట్టమంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ మొక్క ఆకుల మీద పొర చిట్లి లేచింది, అమ్మ గోరుతో ఒక చోట పట్టుకుని లాగితే ఆకు వెడల్పున నల్ల పొర ఊడొచ్చి కింద పచ్చటి ఆకు మెరిసింది. ఆ సాయంత్రానికి మొత్తం మడి కొట్టేశాం. పసుపురంగు అట్టలకి ఆముదం రాసి చెట్లకి కట్టాం.

మార్చి, మొదటి పదిహేను రోజులు

మల్లెలు చిగురేశాయి, కానీ బోరు దగ్గరి రెండు పొదలకి లేత ఆకు పసుపైపోయింది, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ముదురాకు బాగానే ఉంది. ఇనుము అందకపోతే ఇలాగే అవుతుంది, నీళ్ళెక్కువై నేల ఊపిరాడకపోయినా మొక్క ఇనుము తీసుకోలేదు. ఇనుము ఉండే అన్నభేది లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి ఆకుల మీద కొట్టాం, వారం ఆగి మళ్ళీ కొట్టాం. ఆ రెండు పాదులకీ డ్రిప్పరు ఒకటి తీసేశాం. కొత్త ఆకు పచ్చగా వస్తోంది. మొగ్గ తొలిచే పురుగు కొద్దిగా కనపడింది, ఊదారంగుకి తిరిగిన మొగ్గల్ని ఏరి తీసేయడమే, వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు. ముద్దమందారానికి పిండినల్లి, ఆ కొమ్మలు కోసి కాల్చేశాం.

మొదటి మొగ్గలు ఈ వారమే. అమ్మ సాయంత్రం నాలుగింటికి కోస్తుంది, తెల్లగా ఉబ్బి రేపటికి ఆగనివి మాత్రమే. పచ్చదనం పోనివి ముట్టుకోదు. దారి మీద నిలబడి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో కోస్తుంటే చూశాను, గిన్నె మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకుంది. మర్నాడే కమ్మీకి తగిలించేలా ఒక వైరు బుట్ట కట్టాను.

కోసిన మల్లెలు అరటినారతో కడుతుంది, నార మా రావులపాలెం వైపు నుంచి వచ్చేదే, పాయలు తీసి తడిపి ఉంచుకుంటుంది. ఒక మాల రామాలయానికి, ఒకటి నాన్న ఫొటోకి, మిగతావి పిన్నికీ, బడికెళ్ళే పిల్లలకీ. తను మాత్రం నాన్న పోయిన దగ్గర్నుంచి తలలో పూలు పెట్టుకోవడం లేదు. ఎవరూ నోరు తెరిచి వద్దనలేదు, అనాల్సిన అవసరం లేకుండానే పని జరిగిపోయే ఆచారం అది. ఆ ఆచారమంటే నాకు ఒళ్ళు మంట. యాభై ఏళ్ళు పూలు పెంచిన మనిషికి ఒక్క పువ్వు మీద హక్కు లేకుండా పోవడం నేను ఒప్పుకోలేను, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా ఒప్పుకోను. ఈసారి మాల కడుతుంటే అడిగాను, ఒక చెండు పెట్టుకోవచ్చు కదమ్మా అని. "అలవాటు తప్పింది లేవే" అని నార బిగించింది. బలవంతం చెయ్యను. అడగడం మాత్రం మానను.

ఉగాది

అన్నయ్య పిల్లల్తో వచ్చాడు. వేపపువ్వు కోయడం పిల్లల పని, మామిడికాయ మన చెట్టుదే. వాడు దొడ్లో దారి చివరిదాకా నడిచి, కమ్మీ పట్టుకుని ఊపి చూసి, మడి అంచు మీద కూర్చుని, అమ్మని సన్నజాజి మూల దాకా వెళ్ళి రమ్మన్నాడు. అమ్మ కర్ర లేకుండా కమ్మీ మీద చెయ్యేసి బోరు దాకా వెళ్ళింది, అక్కడ కమ్మీ అయిపోయింది, ఆగింది. ఆ తర్వాత దూరం కర్రతో వెళ్ళింది. వాడు వెంటనే "మిగతా దూరానికి కూడా కమ్మీ వేయించు, నేను డబ్బు పంపిస్తాను" అన్నాడు. గచ్చు మాట మళ్ళీ ఎత్తలేదు.

సన్నజాజి తీగ ఎత్తుగా పాకి గోడ దాటిపోయింది, దాన్ని కిందికి దించడానికి అన్నయ్య ఉండగానే సరుగుడు కర్రలతో భుజమెత్తు పందిరి వేశాం. తీగ పైకే పోతానంటుంది, వారానికోసారి కొసలు పక్కకి మళ్ళించాలి. ఆ పని అమ్మ నాకు వదలనంది, నిలబడి చేసేదే కాబట్టి నేనూ సరే అన్నాను.

ఏప్రిల్, రెండో వారం

డెల్టా కాలవలు కట్టేసే రోజులొచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు ఆపేశాక జూన్‌లో మళ్ళీ వదిలేదాకా మా వైపు బోరు నీళ్ళు కూడా కిందికి దిగుతాయి, మే నెలలో కాస్త ఉప్పగా తగులుతాయి. అందుకని డ్రిప్పు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కొంచెం కొంచెంగా కారే నీళ్ళతో ఉప్పు పాదులోనే పేరుకుపోతుంది, మట్టి మీద తెల్లటి పొర కనపడితే అదే. వారానికోసారి పాదు నిండా పెట్టి ఉప్పుని కిందికి దింపాలి. ఆ పని శనివారాల్లో నాది. డ్రమ్ము మీద కొబ్బరాకు దడి కప్పాం, లేకపోతే మధ్యాహ్నానికి నీళ్ళు వేడెక్కిపోతున్నాయి.

మల్లెలు విరగబూస్తున్నాయి. మొదటి కోత ఉధృతం తగ్గగానే వేరుశెనగ చెక్క నానేసి ఆ నీళ్ళు పొయ్యమంది అమ్మ, వాసన భరించాలి, కానీ రెండో విడత మొగ్గకి దాన్ని మించింది లేదు. కనకాంబరం నారు గుప్పెడెత్తయింది. సంపెంగ రెండు కొత్త ఆకులు వేసింది, మొగ్గ మాట ఇప్పుడే కాదు. పొద్దున్న ఎనిమిది దాటాక, సాయంత్రం అయిదులోపు దొడ్లోకి వెళ్ళొద్దని అమ్మతో ఒప్పందం, రోహిణి కార్తె దాటేదాకా. మల్లెమొగ్గ నాలుగింటికే కొయ్యాలి కదా అని బేరమాడింది. ఆ ఒక్కదానికి పందిరి వైపు నుంచి మల్లెల దాకా ఆకుపచ్చ నీడగుడ్డ కట్టిస్తున్నాను, వచ్చే శనివారం.

మేస్త్రికి కమ్మీ పని అడ్వాన్సు ఇచ్చాను. బోరు నుంచి సన్నజాజి మూల దాకా, అదే సుద్దముక్క గుర్తు ఎత్తులో. వానలు మొదలయ్యేలోపు మడి కంతలు ఒకసారి పుల్లతో పొడిచి చూడాలి, చామంతి పిలకలకి కుండీలు కడిగి పెట్టాలి, వయ్యారిభామ మళ్ళీ ఎక్కడైనా లేస్తోందేమో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి.